ఇల్లు లేని యువత, లైంగిక ఆరోగ్య సేవలు: ‘మళ్లీ రండి’ అన్నచోటే తెగిపోతున్న చికిత్స

క్లుప్తంగా: ఇల్లు లేని యువతీయువకులు లైంగిక ఆరోగ్య సేవల జోలికే రారన్నది అపోహ. వస్తారు. కాకపోతే ఆలస్యంగా, సమస్య ముదిరాక, చాలాసార్లు ఒకేఒక్కసారి వస్తారు. పరీక్ష ఒకరోజు, ఫలితం ఇంకోరోజు, మందు మరోరోజు అనే పద్ధతిలో నడిచే క్లినిక్‌లో ఆ ఒక్కసారితో పని పూర్తికాదు. వచ్చేవారికి చిరునామా, పనిచేసే ఫోన్, వారం పాటు మాత్రలు దాచుకునే చోటు ఉంటాయన్న లెక్కతో తయారైన వ్యవస్థ అది. వాళ్లు ఉన్నచోటికే వెళ్లి, మొదటి రాకలోనే వీలైనంత పని ముగించే పద్ధతులు కొంత దారి చూపిస్తున్నాయి. వాటికీ పరిమితులున్నాయి.

ఎవరి గురించి ఈ చర్చ

ఇల్లు లేనివాళ్లు అనగానే ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లే గుర్తొస్తారు. నిజానికి ఈ సమస్యలో వాళ్లు కంటికి కనిపించే భాగం మాత్రమే. యూరప్‌లో ఈ రంగంలో పనిచేసే సంస్థల సమాఖ్య ఫియాంట్సా చేసిన వర్గీకరణలో నాలుగు రకాలున్నాయి. అసలు కప్పే లేనివాళ్లు, షెల్టర్లలోనో తాత్కాలిక వసతుల్లోనో ఉండేవాళ్లు, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని స్థితిలో ఉన్నవాళ్లు, మనుషులు ఉండదగని చోట్ల తలదాచుకునేవాళ్లు. యువతలో మూడో రకం చాలా ఎక్కువ. ఈ వారం స్నేహితుడి గదిలో, వచ్చేవారం తెలిసినవాళ్ల సోఫా మీద, ఆ తర్వాత ఎక్కడో చెప్పలేని పరిస్థితి వాళ్లది.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థ చాపిన్ హాల్ 2017లో వెలువరించిన జాతీయ సర్వే ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించేది. అమెరికాలో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లలో కనీసం పదిమందిలో ఒకరు ఒక్క ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో ఇల్లు లేని స్థితిని అనుభవించారని అది తేల్చింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ముప్ఫైమందిలో ఒకరిది ఇదే పరిస్థితి. ఇల్లు లేని స్థితిని అనుభవించిన 18 నుంచి 25 ఏళ్ల వారిలో దాదాపు సగం మంది ఇళ్లు మారుతూ సోఫాల మీద గడిపినవాళ్లే. పల్లెల్లోనూ ఈ నిష్పత్తి దాదాపు నగరాల్లో ఉన్నంతే ఉందన్నది ఆ సర్వేలో చాలామంది పట్టించుకోని విషయం. ప్రత్యేక క్లినిక్‌లూ, షెల్టర్లూ, రాత్రిపూట తిరిగే వ్యాన్లూ మాత్రం ఎక్కువగా నగరాల్లోనే ఉంటాయి.

కొందరికి ఈ ముప్పు మరీ ఎక్కువ. లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ యువత ఇల్లు కోల్పోయే అవకాశం మిగతావారికంటే రెండు రెట్లకు పైనే ఉందని అదే సర్వే చెప్పింది. పెళ్లికాకుండానే తల్లో తండ్రో అయిన యువతకు అది మూడు రెట్లు. అంటే లైంగికతకు, గర్భానికి సంబంధించిన విషయాలే చాలామందిని ఇంటినుంచి బయటికి నెడుతున్నాయి. అలా నెట్టబడ్డ తర్వాత అవే విషయాలకు సాయం అడగాల్సి వచ్చినప్పుడు, ఇంట్లో ఎదురైన తిరస్కారమే క్లినిక్‌లోనూ ఎదురవుతుందేమోనన్న భయం వాళ్లలో ముందే ఉంటుంది.

ప్రమాదం ఎక్కడినుంచి వస్తుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వారిలో రోజుకు 10 లక్షలకు పైగా, మందులతో నయమయ్యే లైంగిక ఇన్ఫెక్షన్లు కొత్తగా సోకుతున్నాయి. క్లామిడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ ఈ నాలుగూ కలిపి 2020లో 37.4 కోట్ల కొత్త ఇన్ఫెక్షన్లు అయ్యాయని లెక్క. వీటిలో ఎక్కువ భాగం ఏ లక్షణమూ చూపించవు. ఎవరికైనా ఇది ఇబ్బందే. ఇల్లు లేని వారికైతే ఇదే అసలు చిక్కు. నొప్పి, జ్వరం, రక్తం లాంటివి కనిపిస్తే తప్ప క్లినిక్‌కి వెళ్లే వెసులుబాటు లేని మనిషికి, కనిపించని జబ్బు ఉన్నట్టే తెలియదు. చికిత్స అందని క్లామిడియా ఆడవారిలో గర్భాశయానికీ, అండవాహికలకూ పాకి, కొందరికి పిల్లలు పుట్టకుండా చేస్తుంది. ఆ సంగతి బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఇల్లు లేని యువతలో ఈ ఇన్ఫెక్షన్లు, కోరుకోని గర్భాలు ఇల్లున్న వారికంటే ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు చెబుతూ వచ్చాయి. దీన్ని వాళ్ల ప్రవర్తనకు, విచ్చలవిడితనానికి అంటగట్టడం తేలిక. కారణాలు చూస్తే మాత్రం అలా అనిపించదు. రాత్రికి పడుకోవడానికి చోటు కావాలి. చోటు ఇచ్చే మనిషి బదులుగా సెక్స్ కోరతాడు. అక్కడ కండోమ్ గురించి బేరమాడే శక్తి ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు. వద్దంటే ఆ రాత్రి మళ్లీ వీధిలోకే. ఈ మారకం ఎప్పుడూ మాటల్లో చెప్పి జరగదు. ఒక బంధంలా మొదలై, బయటికొస్తే నిలువనీడ ఉండదన్న భయంతో కొనసాగేవి ఎక్కువ. దానికి తోడు లైంగిక దాడులు, చిన్నప్పుడు ఇంట్లో జరిగిన అఘాయిత్యాలు, మత్తుపదార్థాలు, సూదులు పంచుకోవడం కలుస్తాయి. వాళ్ల పరిచయాల ప్రపంచం కూడా చిన్నది. ఒకే షెల్టర్, ఒకే వీధి, అవే ముఖాలు. ఒకరికి ఇన్ఫెక్షన్ సోకితే ఆ చిన్న వలయంలో త్వరగా తిరుగుతుంది.

కండోమ్ ఉచితంగా ఇస్తే సరిపోతుందన్న వాదన కూడా ఇక్కడ పూర్తిగా నిలబడదు. వేడి తగిలేలా, నలిగిపోయేలా జేబుల్లో, సంచుల్లో రోజుల తరబడి మోసిన కండోమ్ పాడవుతుంది. మరో అడ్డంకి పోలీసుల రూపంలో వస్తుంది. న్యూయార్క్, వాషింగ్టన్, లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లో జేబులో ఉన్న కండోమ్‌లను వ్యభిచారానికి సాక్ష్యంగా పోలీసులు చూపించిన తీరును హ్యూమన్ రైట్స్ వాచ్ 2012లో నివేదికగా వెలువరించింది. వీధిలో ఉండే యువత కండోమ్ దగ్గర పెట్టుకోవడానికే జంకితే, ఆరోగ్య శాఖ ఉచితంగా పంచిన ఫలితాన్ని మరో శాఖ తుడిచేసినట్టే.

ఒక రోజులో ఎన్ని క్యూలు

లిలియన్ గెల్‌బర్గ్, రొనాల్డ్ ఆండర్సన్, బార్బరా లీక్ అనే పరిశోధకులు లాస్ ఏంజెలిస్‌లో ఇల్లు లేనివారిని అధ్యయనం చేసి, బలహీన వర్గాలు ఆరోగ్య సేవలను ఎలా వాడుకుంటాయో చెప్పే ఒక నమూనాను 2000లో ప్రతిపాదించారు. మనిషి నేపథ్యం, అందుబాటులో ఉన్న వనరులు, జబ్బు తీవ్రత ఈ మూడూ కలిసి వాడకాన్ని నిర్ణయిస్తాయన్న పాత నమూనాకు, ఇల్లు లేకపోవడం, బాల్యంలో హింస, మత్తు అలవాట్లు, తిండికీ నిద్రకీ పడే పాట్లు లాంటివి చేర్చారు. ఆరోగ్యంతో పోటీపడే అవసరాలు ఎన్ని ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లడం అంత వెనక్కి పోతుందన్నది గెల్‌బర్గ్ అంతకుముందే చెప్పిన మాట.

ఆ పోటీ ఎలా ఉంటుందో ఒక రోజు లెక్క చూస్తే తెలుస్తుంది. షెల్టర్ నుంచి ఉదయాన్నే బయటికి పంపేస్తారు. తిండి పెట్టేచోట ఒక క్యూ. స్నానం, బట్టలు ఉతుక్కోవడం కోసం ఇంకో క్యూ. సాయంత్రం మళ్లీ షెల్టర్ దగ్గర మంచం కోసం వరసలో నిలబడాలి. ఆలస్యమైతే ఆ రాత్రి మంచం పోతుంది. క్లినిక్ తెరిచి ఉండేది సరిగ్గా ఈ క్యూల మధ్యే. డాక్టర్ ఎప్పుడు పిలుస్తారో తెలియక రెండు మూడు గంటలు కూర్చోవడమంటే ఆ రోజు తిండినో, రాత్రి నిద్రనో పణంగా పెట్టడమే. లక్షణాలు లేని ఇన్ఫెక్షన్ కోసం ఆ పణం పెట్టేవాళ్లు తక్కువ. అందుకే అపాయింట్‌మెంట్ ఇచ్చినా రానివాళ్లను బాధ్యత లేనివాళ్లుగా రాసేసుకునే అలవాటు ఆసుపత్రులు మానుకోవాలి. తిండి దొరికే వేళ వదులుకోకపోవడం ఆ పరిస్థితిలో ఎవరైనా చేసే పనే.

రిసెప్షన్ దగ్గర

క్లినిక్ దాకా వచ్చినవాళ్లకు మొదట ఎదురయ్యేది డాక్టర్ కాదు, ఒక దరఖాస్తు ఫారం. పేరు, పుట్టిన తేదీ తర్వాతి గడి చిరునామా. ఆ తర్వాత ఫోన్ నంబరు, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి, గుర్తింపు కార్డు నంబరు. ఇల్లున్నవారు నిమిషంలో నింపే ఈ నాలుగు గడుల దగ్గర ఇల్లు లేని పదిహేడేళ్ల అమ్మాయి పెన్ను ఆగిపోతుంది. ఖాళీగా వదిలేస్తే రిసెప్షన్‌లో మనిషి అందరికీ వినబడేలా ‘అడ్రస్ రాయలేదేంటి’ అని అడుగుతారు. తప్పుడు చిరునామా రాస్తే దొరికిపోతానేమోనన్న టెన్షన్. ఇంటి చిరునామా రాస్తే పారిపోయి వచ్చిన ఇంటికే ఉత్తరం వెళ్తుందన్న భయం. చాలామంది వెనుదిరిగేది ఇక్కడే. వాళ్లు లోపలికి రాలేదు కాబట్టి ఏ రికార్డులోనూ కనిపించరు.

ఇంగ్లండ్‌లో ఈ సమస్యను నిబంధనల స్థాయిలో పరిష్కరించే ప్రయత్నం జరిగింది. అక్కడ లైంగిక ఆరోగ్య క్లినిక్‌లు ఉచితం. ఏ ప్రాంతం వారైనా ఏ క్లినిక్‌కైనా వెళ్లొచ్చు. మామూలు డాక్టర్ దగ్గర పేరు నమోదుకు చిరునామా రుజువుగానీ గుర్తింపు కార్డుగానీ తప్పనిసరి కాదు. అయినా రిసెప్షన్‌లో కార్డు అడిగి వెనక్కి పంపడం జరుగుతూనే ఉండటంతో, ‘ఇవేవీ లేకుండా నమోదు చేసుకునే హక్కు నాకుంది’ అని తెలిపే చిన్న కార్డులు ముద్రించి ఇల్లు లేనివారికి పంచాల్సి వచ్చింది. నియమం కాగితం మీద ఉన్నంత మాత్రాన కౌంటర్ దగ్గర అమలు కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఫారం దాటాక ఇంకొన్ని చిన్న అడ్డంకులుంటాయి. తన ఆస్తంతా ఉన్న సంచిని పరీక్ష గది బయట వదలాలా? పెంపుడు కుక్క ఉంటే దాన్ని ఎవరు చూస్తారు? మూడు రోజులుగా స్నానం లేకుండా, ఉతకని లోదుస్తులతో పరీక్ష బల్ల మీద పడుకోవడమెలా? ఆఖరి ప్రశ్న ఎవరూ పైకి అడగరు. అందుకే క్లినిక్‌లు కూడా దాని గురించి ఆలోచించవు. లైంగిక హింసకు గురైనవారికి పరీక్ష బల్లే ఒక గాయాన్ని గుర్తుచేస్తుంది. ప్రతి అడుగూ ముందే చెప్పి, ఎక్కడైనా ఆపమనే హక్కు ఇచ్చి పరీక్షించే పద్ధతికి శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నచోట ఈ భయం తగ్గుతుంది.

అసలు చిక్కు రెండోసారి దగ్గర

మొదటిసారి వచ్చేలా చేయడం మీద ప్రచారాలు, పోస్టర్లు, వ్యాన్లు చాలానే పనిచేశాయి. చికిత్స తెగిపోయేది ఎక్కువగా ఆ తర్వాతే.

ల్యాబ్‌కి పంపిన నమూనా ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఫలితం ఫోన్‌కి మెసేజ్‌గా వస్తుంది. ఈలోగా ఫోన్ పోతుంది, దొంగలు కొట్టేస్తారు, రీచార్జ్ లేక నంబరు మారుతుంది. క్లామిడియా ఉందని క్లినిక్‌కి తెలుసు, రోగికి తెలియదు. చికిత్స అందని ఈ ‘పాజిటివ్’ కేసులే ఇన్ఫెక్షన్‌ను ముందుకు తీసుకెళ్తాయి.

ఫలితం చేరింది, రోగి తిరిగొచ్చాడు అనుకుందాం. క్లామిడియాకు గతంలో అజిత్రోమైసిన్ ఒక్క మోతాదు ఇచ్చి పంపేసేవారు. డాక్టర్ ఎదుటే మింగితే పని అయిపోయేది. 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన మార్గదర్శకాలను మార్చి, రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు రోజుల డాక్సీసైక్లిన్‌ను మొదటి ఎంపికగా చేసింది. ముఖ్యంగా మలద్వారంలోని ఇన్ఫెక్షన్ మీద అది మెరుగ్గా పనిచేస్తుందన్న ఆధారాలతో చేసిన మార్పు అది. వైద్యపరంగా సరైనదే. కానీ ఈ మందును నిండా గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు, అన్నవాహిక పుండవుతుంది. ఎండలో ఎక్కువసేపు ఉంటే చర్మం కమిలిపోతుంది. పగలంతా బయటే గడిపే, నీళ్లు వెతుక్కునే, సంచి ఎప్పుడు పోతుందో తెలియని వ్యక్తికి పద్నాలుగు మాత్రల కోర్సు రాసివ్వడమంటే ఏమిటో ఆలోచించాలి. అదే మార్గదర్శకాలు, కోర్సు పూర్తిచేయడం కష్టమనిపించిన చోట ఒక్క మోతాదు అజిత్రోమైసిన్ ప్రత్యామ్నాయంగా ఉందని చెబుతున్నాయి. ఆ వెసులుబాటు వాడాలంటే ఎదుటివారు ఎక్కడ పడుకుంటున్నారో డాక్టర్ అడిగి తెలుసుకోవాలి. చాలా చోట్ల ఆ ప్రశ్నే అడగరు.

మందుతో పాటు ఇంకో షరతు ఉంటుంది. చికిత్స పూర్తయ్యేదాకా, లేదా ఒక్క మోతాదు తర్వాత ఏడు రోజుల దాకా, సెక్స్‌కి దూరంగా ఉండాలి. రాత్రి పడక దానిమీదే ఆధారపడిన వారికి ఈ సలహా పాటించడం వాళ్ల చేతిలో లేదు.

సిఫిలిస్ విషయంలో మరో రకం చిక్కు ఉంది. బయట ఎక్కువమందికి తెలియని సంగతి ఇది. తొలిదశలో ఉంటే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కటి చాలు. ఎప్పుడు సోకిందో తెలియకపోతే, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. లక్షణాలు లేనివారికి గత ఏడాది లోపే సోకిందని తేల్చాలంటే అంతకుముందు ‘నెగెటివ్’ వచ్చిన పరీక్ష కాగితం లాంటి ఆధారం కావాలి. ఊళ్లు, షెల్టర్లు మారినవారి పాత రికార్డులు ఎక్కడో చిక్కుకుపోతాయి. దాంతో ఒక ఇంజెక్షన్‌తో సరిపోయే రోగికి మూడు వారాల చికిత్స రాస్తారు. మూడుసార్లు రావడం ఎవరికి అత్యంత కష్టమో, మూడుసార్లు రావాల్సింది వాళ్లే అవుతున్నారు.

హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉన్న ఘటన జరిగాక 72 గంటల్లో మందులు మొదలుపెడితే ఇన్ఫెక్షన్‌ను అడ్డుకోవచ్చు. కానీ ఆ కోర్సు 28 రోజులు. లైంగిక దాడి జరిగిన మర్నాడు ఎమర్జెన్సీకి వచ్చిన యువతికి మొదటి కొద్దిరోజుల మాత్రలు ఇచ్చి, మిగతావాటికి ఫలానా క్లినిక్‌కి వెళ్లమనడం చాలా ఆసుపత్రుల పద్ధతి. ఆ రెండో క్లినిక్ ఊరికి ఇంకో చివర ఉండొచ్చు. మొత్తం 28 రోజుల మందులు మొదటిరోజే చేతికిచ్చే ఆసుపత్రుల్లో ఒక అడ్డంకి తగ్గుతుంది, మాత్రలు దాచుకునే చోటు సమస్య మాత్రం మిగులుతుంది. షెల్టర్‌లో సిబ్బంది తాళం వేసి ఉంచితే సురక్షితమే, కానీ అవి దేనికి వాడే మాత్రలో షెల్టర్‌లో అందరికీ తెలిసిపోతుందన్న భయం ఉంటుంది.

భాగస్వాములకు చికిత్స చేయడం కూడా ఇంతే. రోగి చేతికే భాగస్వామికి కూడా మందులిచ్చి పంపే విధానాన్ని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2006 నుంచి సిఫారసు చేస్తోంది. ఇద్దరి మధ్యా భయం లేని బంధం ఉంటే అది బాగా పనిచేస్తుంది. హింసించే భాగస్వామి చేతికి ‘నీకు జబ్బుంది’ అంటూ మందు ఇవ్వమనడం ప్రమాదకరం. ఇంటిపేరైనా తెలియని భాగస్వాముల విషయంలో అసలు కుదరదు.

గర్భనిరోధకం: ఏది సరిపోతుంది

రోజూ వేసుకునే మాత్ర ఇక్కడ అన్నిటికంటే బలహీనమైనది. సంచి పోతే మాత్రలు పోతాయి, నిద్రవేళలు తారుమారైతే మరుపు వస్తుంది. అత్యవసర మాత్రల్లో లెవోనార్జెస్ట్రెల్ 72 గంటల్లోపు, యులిప్రిస్టాల్ ఐదు రోజుల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అవి సమయానికి దొరకడమే ఇక్కడ పరీక్ష. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌కు ఏమీ దాచుకోనక్కర్లేదు, ఎవరికీ కనిపించదు కూడా. హింసించే భాగస్వామి ఉన్నవారికి ఈ గోప్యత చాలా ముఖ్యం. దీంట్లో చర్మం కిందికి స్వయంగా వేసుకునే రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన స్వీయసంరక్షణ మార్గదర్శకాల్లో చేర్చింది.

చేతిలో అమర్చే ఇంప్లాంట్ కనీసం మూడేళ్లు, కాపర్ టీ అంతకంటే ఎక్కువ కాలం పనిచేస్తాయి కాబట్టి ఇల్లు లేనివారికి ఇవే మేలని చాలామంది వైద్యులు సూచిస్తారు. ఇందులో రెండు జాగ్రత్తలు అవసరం. ఇంప్లాంట్ వేశాక కొందరికి నెలల తరబడి చుక్కచుక్కగా రక్తస్రావం ఉంటుంది. శుభ్రమైన టాయిలెట్, మార్చుకోవడానికి ప్యాడ్లు ఉన్నవారికి అది చిరాకు. లేనివారికి రోజూ నరకం. రెండోది, అమర్చడానికి వ్యాన్ షెల్టర్ దాకా వచ్చి, తీయించుకోవడానికి మాత్రం పెద్దాసుపత్రి అపాయింట్‌మెంట్ కావాలంటే ఆ పద్ధతి మీద నమ్మకం పోతుంది. పిల్లలు కనకూడదని తమమీద రుద్దుతున్నారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. ఆ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పేదల సంతానం విషయంలో ప్రభుత్వాలు బలవంతం చేసిన చరిత్ర చాలా దేశాలకు ఉంది. తీసేయమంటే అదేచోట, అదే సిబ్బంది, ప్రశ్నలు లేకుండా తీసే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతులను ప్రోత్సహించడం సరికాదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాలో వచ్చిన మార్పు మాత్రం ఈ వర్గానికి నేరుగా మేలు చేస్తుంది. 20 ఏళ్లలోపు వారికి రెండు మోతాదుల బదులు ఒక్కటి కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది. బడి మానేసినందువల్ల బడిలో వేసే టీకా తప్పిపోయినవారికి ఒక్క రాకలో అది పూర్తవుతుంది.

చట్టం ఏం చెబుతుంది, యువత ఏం అనుకుంటుంది

18 ఏళ్లలోపువారు పెద్దల అనుమతి లేకుండా ఈ సేవలు పొందవచ్చా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది. బ్రిటన్‌లో 1985లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన గిలిక్ తీర్పు ప్రకారం, విషయాన్ని అర్థం చేసుకునే పరిణతి ఉందని డాక్టర్ భావిస్తే 16 ఏళ్లలోపువారికీ తల్లిదండ్రుల అనుమతి లేకుండా గర్భనిరోధక సలహా, చికిత్స ఇవ్వొచ్చు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ లైంగిక వ్యాధుల చికిత్సకు మైనర్ల సొంత సమ్మతిని అంగీకరిస్తాయి, కొన్నిచోట్ల కనీస వయసు షరతు ఉంది. అయితే చికిత్స తల్లిదండ్రుల బీమా మీద జరిగితే, ఏ సేవకు ఎంత ఖర్చయిందో తెలిపే కాగితం ఇంటికి వెళ్తుంది. చట్టం కాపాడిన రహస్యం బిల్లులో బయటపడుతుంది.

భారత్‌లో 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారితో లైంగిక చర్యను నేరంగా చూస్తుంది, అలాంటిది తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలంటుంది. పిల్లలను కాపాడటానికి ఈ నిబంధన అవసరమే. అదే నిబంధన వల్ల పదిహేడేళ్ల అమ్మాయి డాక్టర్ దగ్గర నోరు విప్పడానికి భయపడుతుంది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ ఇబ్బందిని గుర్తించి, గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని చెప్పింది. ఇంట్లోంచి వెళ్లిపోయిన అమ్మాయికి ఆ ‘సంరక్షకులు’ ఎవరన్న ప్రశ్న అలాగే ఉంది.

ఆచరణలో చట్టం ఏం చెబుతుందన్నదానికంటే యువత ఏం అనుకుంటుందన్నదే ఎక్కువ ప్రభావం చూపుతుంది. క్లినిక్‌లో చెప్పింది పోలీసులకో, పిల్లల సంక్షేమ శాఖకో, ఇంటికో చేరుతుందని ఒకసారి వీధిలో మాట పడితే దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఏది రహస్యంగా ఉంటుంది, ఏది చెప్పక తప్పదు అన్న రెండు వాక్యాలు ప్రశ్నలు మొదలుపెట్టకముందే చెప్పడం ఇందుకే అవసరం. దానికి ఖర్చేమీ లేదు.

ఏ పద్ధతులు పనిచేస్తున్నాయి

పరీక్షను మనిషి దగ్గరికి తీసుకెళ్లడం అన్నిటికంటే సహజమైన దారి. మూత్రం నమూనాతోనూ, ఆడవారు తామే దూది పుల్లతో తీసుకున్న యోని నమూనా (స్వాబ్)తోనూ క్లామిడియా, గనేరియా పరీక్షలు నమ్మకంగా జరుగుతాయి. డాక్టర్ తీసిన స్వాబ్‌కు ఇది ఏమాత్రం తీసిపోదు. బల్లమీద పడుకోనక్కర్లేదు, బట్టలు విప్పనక్కర్లేదు. షెల్టర్ టాయిలెట్‌లో రెండు నిమిషాల పని. అక్కడే నర్సు ఉండి, వేగంగా ఫలితమిచ్చే యంత్రం ఉంటే, ఆ పూటే మందు కూడా ఇచ్చేయొచ్చు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెంటికీ వేలి చుక్క రక్తంతో నిమిషాల్లో ఫలితమిచ్చే పరీక్షలున్నాయి, ‘పాజిటివ్’ వస్తే నిర్ధారణ పరీక్ష మళ్లీ చేయాలి.

ఇలా సొంతంగా నమూనా తీసుకునే కిట్‌ను ఇంటికి పోస్టులో పంపే పద్ధతి కోవిడ్ కాలంలో బ్రిటన్ వంటి దేశాల్లో బాగా పెరిగింది. ఇల్లున్న యువతకు అది వరమే. చిరునామా లేనివారికి అది లేనట్టే. క్లినిక్ బడ్జెట్ తగ్గించి ఆన్‌లైన్‌కు మళ్లించిన ప్రతిసారీ సగటు పరీక్షల సంఖ్య పెరిగి, అత్యంత అవసరమున్నవారి వాటా తగ్గే ప్రమాదం ఉంది. కిట్లను షెల్టర్‌లో, ముందు చెప్పకుండా వచ్చి సాయం పొందే డ్రాప్‌ఇన్ కేంద్రంలో అందుబాటులో పెట్టి, అక్కడే తిరిగి ఇచ్చే ఏర్పాటు చేస్తే ఈ నష్టం కొంత పూడుతుంది.

వ్యాన్లు, సంచార క్లినిక్‌ల బలం వైద్యం కంటే పరిచయంలో ఉంది. ప్రతి వారం అదే రోజు, అదే మూలన, అదే నర్సు కనిపిస్తే, మొదటి నెలంతా ప్యాడ్లు, కండోమ్‌లు మాత్రమే తీసుకెళ్లిన అమ్మాయి తర్వాత ఎప్పుడో అసలు విషయం చెబుతుంది. ఏడాదికోసారి గ్రాంటు అయిపోయి వ్యాన్ ఆగిపోతే ఆ పరిచయం మళ్లీ మొదటినుంచి మొదలు. ఈ రంగంలో స్వల్పకాలిక నిధుల వల్ల జరిగే నష్టం ఏ ఖాతాలోనూ కనిపించదు.

హెచ్‌ఐవీ నివారణలో కొత్త మందులు ‘మళ్లీ రండి’ సమస్యను నేరుగా తగ్గిస్తున్నాయి. రోజూ వేసుకునే మాత్ర బదులు రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్‌కు అమెరికా 2021 డిసెంబరులో అనుమతిచ్చింది. ఆరు నెలలకోసారి వేసే లెనకాపావిర్‌కు 2025 జూన్‌లో అనుమతి వచ్చింది, మరుసటి నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. ఏడాదికి రెండుసార్లు అంటే నెలల తరబడి దాచుకునే మాత్రలు లేవు, దొరికిపోతామన్న భయం లేదు. అయితే ఆ రెండో తేదీ గుర్తుచేయడానికి ఫోన్ నంబరో, తెలిసిన మనిషో కావాలి. ధర, సరఫరాలను బట్టి అది ముందు ఎవరికి అందుతుందన్నది ఇంకా తేలాల్సిన విషయం.

లెక్కల్లో కనిపించేదెవరు

ఇల్లు లేని యువత గురించి మనకున్న సమాచారంలో చాలా భాగం షెల్టర్లు, డ్రాప్‌ఇన్ కేంద్రాల్లో సేకరించినదే. అక్కడికొచ్చేవారికి ఇప్పటికే ఏదో ఒక సేవతో సంబంధం ఉంది. పరీక్షలు చేయించుకున్నవారి నిష్పత్తి కొన్ని అధ్యయనాల్లో ఊహించినదానికంటే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. సోఫాల మీద గడిపేవారు తమను ఇల్లు లేనివారిగా అనుకోరు, క్లినిక్ ఫారంలో స్నేహితుడి చిరునామా రాస్తారు. రికార్డులో వాళ్లు మామూలు రోగులే. ‘గత నెలలో ఎన్ని చోట్ల నిద్రపోయారు’ అన్న ఒక్క ప్రశ్న చేర్చితే ఈ చిత్రం చాలా మారుతుంది.

పరీక్షల సంఖ్యను విజయంగా లెక్కించడం కూడా ఇలాంటి పొరపాటే. ఎంతమందికి పరీక్ష చేశామన్నది కాకుండా, పాజిటివ్ వచ్చినవారిలో ఎంతమందికి ఎన్ని రోజుల్లో మందు అందింది, మూడు నెలల తర్వాత చేయాల్సిన మలి పరీక్షకు ఎంతమంది వచ్చారు అన్నది కొలిస్తేనే ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది.

ఇల్లే చికిత్సలో భాగమైతే

అమెరికాలో 1990 నాటి చట్టంతో ఏర్పడిన ఒక పథకం, హెచ్‌ఐవీతో జీవిస్తున్న పేదలకు అద్దె సాయం, వసతి ఇస్తుంది. గృహనిర్మాణ శాఖ దీన్ని నడుపుతుంది. స్థిరమైన ఇల్లు దొరికినవారు మందులు క్రమంగా వాడటం, డాక్టర్ దగ్గరికి వెళ్లడం మెరుగుపడుతుందని ఈ రంగంలో వచ్చిన పరిశోధనలు పదేపదే చూపించాయి. అంటే ఇల్లు వైద్యం మీద ప్రభావం చూపుతుందన్న సంగతిని ఒక ప్రభుత్వం మూడు దశాబ్దాల కిందటే చట్టంలోకి ఎక్కించింది. కానీ ఆ సాయం హెచ్‌ఐవీ సోకినవారికే. హెచ్‌ఐవీ లేని, కానీ రాత్రి పడక కోసం సెక్స్ తప్పని పందొమ్మిదేళ్ల యువకుడు ఈ పథకంలోకి రాడు. నివారణకు అతనికి ఇంజెక్షన్ ఇవ్వడానికి ఆరోగ్య బడ్జెట్లో దారి ఉంది, గది ఇవ్వడానికి లేదు.

ఇది ఒక్క దేశం సమస్య కాదు. దాదాపు ప్రతిచోటా వసతి ఖర్చు ఒక శాఖది, ఇన్ఫెక్షన్ చికిత్స ఖర్చు మరో శాఖది. ఒక మంచానికి డబ్బు పెట్టిన శాఖకు, దానివల్ల తగ్గిన సిఫిలిస్ కేసులు, తప్పిన గర్భాలు తన లెక్కలో కనిపించవు. లాభం వేరే శాఖకు చేరుతుంది కాబట్టి వసతి కోసం అదనంగా నిధులు అడిగే కారణం ఏ శాఖకూ ఉండదు. రెండు బడ్జెట్లనూ ఒకేచోట చూసి, ఒక్క యువకుడి మీద ఏడాదిలో రెండు శాఖలూ కలిపి ఎంత ఖర్చు చేశాయో లెక్కగట్టడం ఈ చర్చలో తర్వాత తేలాల్సిన విషయం.